సరిహద్దు తనిఖీల శాఖ వారి హై ప్రెస్సింగ్

మా సరిహద్దు తనిఖీల శాఖకు ఫుట్‌బాల్ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది: "ప్రతి శాఖయు ఒక క్రీడను దత్తత గైకొని, సదరు క్రీడను స్వంత బిడ్డవలె పోషించవలెను." జిల్లాలోని శాఖలన్నీ కలెక్టరాఫీసుకు పరుగెత్తి తమ తమ బిడ్డల్ని ఏరుకున్నాయి. కూర్చుని ఆడే ఆటలు ముందే అయిపోయాయి. క్యారమ్స్‌ను ఒక పెద్ద శాఖ పట్టుకుపోయింది. చదరంగం కోసం రెండు శాఖలు మాటా మాటా అనుకున్నాయి. మా సూపరింటెండెంట్ జగ్గారావు గారు దారిలో ఆగి ఉప్మా పెసరట్టు తిని వెళ్ళేసరికి బల్ల మీద ఫుట్‌బాల్ ఒక్కటే మిగిలింది.

మా పని ఏమిటంటే, ఒడిశా అంచున పెదమెట్ట అనే ఊళ్ళో రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు గేటు పెట్టుకుని, వచ్చిన లారీనల్లా ఆపి, కాగితాలు అడిగి, ఏదో ఒక కాగితం లేదని కనిపెట్టి, చివరికి వదిలిపెట్టడం. గేటు తాడు లాగే పని నాది. పేరు ఓబులేసు, హోదా జూనియర్ అసిస్టెంట్, సొంత ఊరు అనంతపురం అవతల కర్ణాటక అంచున రాళ్ళకుంట. అక్కడా మా శాఖకు ఒక గేటుంది. అక్కడి బడిలోనే నా భార్య సుగుణ టీచరు. మా ఇద్దరి మధ్య మొత్తం రాష్ట్రం ఉంది. నాకు రాళ్ళకుంట గేటుకు బదిలీ ఇప్పించమని పెళ్ళయిన నెలలో దరఖాస్తు పెట్టాను. ఇప్పుడు మా పాప మేఘన ఒకటో తరగతి. దరఖాస్తు మాత్రం ఏ తరగతీ మారలేదు.

"నాన్నా, నువ్వు అందరి బండ్లూ ఆపుతావు గదా," అని మేఘన ఒకసారి ఫోన్లో అడిగింది. "మరి నిన్నెవరు ఆపుతాండారు?"

నేను దగ్గు వచ్చినట్టు దగ్గాను. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినా పిల్లకు చెప్పేది కాదు.

జట్టును సీనియారిటీ ప్రకారం ఎంపిక చేశారు. మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. అందరికంటే సీనియర్లు అందరికంటే ముందుండాలి కనుక, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాళ్ళు ఫార్వర్డులయ్యారు. మధ్యస్థంగా ఉన్నవాళ్ళు మధ్యలో నిలబడ్డారు. అందరికంటే జూనియర్‌ని నేను కనుక, అందరికంటే వెనక గోల్లో నిలబెట్టారు. గేటు దగ్గర అనుభవం ఉందన్నది అదనపు అర్హతగా రాసుకున్నారు. మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో ఆడపిల్లల హైస్కూలు జట్టు మమ్మల్ని చిత్తుచిత్తుగా ఓడించి, ఆట అయ్యాక మా ఫార్వర్డులకు మంచినీళ్ళు తాగించింది.

అప్పుడు మా డిప్యూటీ కమిషనర్ కోదండపాణి గారికి పౌరుషం వచ్చింది. ఆయన "క్రీడల ద్వారా సుపరిపాలన" అనే శిక్షణకు రాజధాని వెళ్ళారు. తిరిగివచ్చిన రోజున మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేసి చూపించారు.

"ఇప్పటివరకు మనం చేసిన మౌలిక తప్పిదం ఏమిటి? బంతి మన గోలు దగ్గరకు వచ్చాక ఆపడానికి ప్రయత్నించాం. అది జాప్యం. ప్రత్యర్థిని అతని సగంలోనే, అతని గోలు ముందే, బంతి అతని పాదానికి తగిలిన తక్షణమే నిలువరించాలి. ముగ్గురు చుట్టుముట్టాలి. ఊపిరి తీసుకోనివ్వరాదు. దీనిని అంతర్జాతీయ పరిభాషలో హై ప్రెస్సింగ్ అంటారు."

తర్వాత వెనక బెంచీలోంచి ఒక ఇన్‌స్పెక్టరు లేచాడు.

"సార్, ముందు ఒకడు చెయ్యెత్తి ఆపడం, పక్కనుంచి ఇంకొకడు రావడం, వెనకనుంచి మూడోవాడు దారి మూసెయ్యడం. ఇదేనా సార్?"

"అక్షరాలా ఇదే."

"దీనికి శిక్షణెందుకు సార్? ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఇదే చేస్తన్నాం కదా!"

కోదండపాణి గారి కళ్ళు చెమర్చాయి. ప్రపంచమంతా లక్షలు పోసి కోచ్‌లను పెట్టుకుని నేర్చుకుంటున్న విద్య తన సిబ్బంది రక్తంలోనే ఉందని ఆయనకు ఆనాడు తెలిసింది. సమావేశం అయ్యాక నన్ను గదిలోకి పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు.

"ఓబులేసూ, జిల్లా కప్పు మనకు రావాలి. వస్తే నీ కోరిక ఏదైనా సరే, నా సంతకం సిద్ధం."

కోరిక ఏమిటని ఆయన అడగలేదు. నా దరఖాస్తు చదివి ఉండరని నాకప్పుడే అర్థమైంది. అయినా ఆ సాయంత్రం సుగుణకు ఫోన్ చేసి, వంటింట్లో నాకొక పీట వేసి ఉంచమన్నాను.

"మీరు మొదుట బాలు పట్టుకోండి," అంది సుగుణ. "పీటదేముంది, ఎప్పుడైనా ఏసుకోవచ్చు."

హై ప్రెస్సింగ్ మొదటిసారి అమలైంది తోటల శాఖ మీద. ఈల మోగగానే మా సీనియర్లు ముగ్గురు వాళ్ళ డిఫెండరు ముందుకు నడిచి (పరుగెత్తారని అబద్ధం చెప్పను) కుడి చెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి ఎత్తే తీరు అలాంటిది. రోడ్డు మీద దాన్ని చూసి ఆగని చక్రం లేదు. ఆ డిఫెండరు ఠక్కున ఆగి, బంతి వదిలేసి, చొక్కా జేబు తడుముకున్నాడు. మేము బంతి పట్టుకున్నాం.

చిక్కంతా అక్కడే వచ్చింది. జప్తు చేసిన సరుకును పై అధికారి వచ్చి చూసేదాకా కదిలించకూడదన్నది మా శాఖ నియమం. మా ఇన్‌స్పెక్టరు బంతి మీద కాలు పెట్టి, ఇంకా మైదానం మధ్య దాకానే వచ్చిన జగ్గారావు గారి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. జగ్గారావు గారు ఆయాసపడుతూ వచ్చి, వంగి, బంతిని ఆ పక్కా ఈ పక్కా తిప్పి చూసి, "సరే, పోనీండి" అన్నారు. అప్పటికి తోటల శాఖ మొత్తం వెనక్కి వచ్చి గోలు ముందు వరసగా నిలబడిపోయింది. ఆట పొడవునా ఇదే జరిగింది. మేము బంతి పట్టుకోవడం, పరిశీలించడం, వాళ్ళు సర్దుకోవడం. చివరికి వాళ్ళ గోల్‌కీపరు, మా వాళ్ళు ముగ్గురూ తనవైపు నడిచి వస్తుంటే కంగారుపడి, చేతిలో బంతిని తన గోల్లోనే పెట్టేసి చేతులు కట్టుకున్నాడు. మేం గెలిచాం.

మర్నాడే సవరణ ఉత్తర్వు వచ్చింది. "స్వాధీనపరచుకొన్న బంతిని పై అధికారి పరిశీలన లేకుండగనే ముందుకు తన్నుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. అయితే తన్నినవారే బాధ్యులు." ఆ చివరి వాక్యం చదివాక ఎవరూ తన్నలేదు. ముందులాగే కాలు పెట్టి నిలబడ్డారు.

కానీ కోదండపాణి గారు ఆగే మనిషి కాదు. ప్రత్యర్థి గోలు ముందు ఆపితేనే ఇంత ఫలితం ఉంటే, ఇంకా పైన ఆపితే ఇంకెంత ఉంటుందని ఆయన ఆలోచన. ఆయన గోడ మీద మైదానం బొమ్మ గీసి, గోలు వెనక ఇంకో గీత, దాని వెనక మరో గీత గీశారు.

"బంతి మైదానంలోకి వచ్చాక ఆపడం కూడా ఆలస్యమే. ఆటగాడు బట్టలు మార్చుకునే గదిలోనే అతనిపై ఒత్తిడి మొదలుకావాలి."

తర్వాతి మ్యాచ్‌లో రేషన్ సరుకుల శాఖవాళ్ళు బూట్లు వేసుకుంటుంటే మా వాళ్ళు ఒక్కొక్కరి చుట్టూ ముగ్గురు చొప్పున నిలబడ్డారు. ఏమీ అనలేదు, నిలబడ్డారంతే. వాళ్ళ కెప్టెను ఎడమ బూటు కుడి కాలికి వేసుకుని ఆడాడు. మళ్ళీ గెలిచాం.

దాంతో గీత ఇంకా పైకి జరిగింది. సెమీఫైనల్ పంచాయతీల శాఖతో. ఆ వారమంతా మాకు డ్యూటీలు వేశారు. వాళ్ళ సెంటర్ ఫార్వర్డు రైతుబజారులో వంకాయలు ఏరుకుంటుంటే మా వాళ్ళు ముగ్గురు చుట్టూ చేరి, ఆయన ఏ వంకాయ పట్టుకోబోతే దానిమీద ముందు చెయ్యి వేశారు. వాళ్ళ గోల్‌కీపరు మంగలి షాపులో కూర్చుంటే పక్క కుర్చీల్లో ఇద్దరు, వెనక అద్దంలో ఒకరు. ఇంకొకాయన మామగారింటికి పోతే అక్కడ భోజనాల బంతిలో కూడా మా వాళ్ళే. మ్యాచ్ రోజున పంచాయతీల శాఖ మైదానానికి రాలేదు. జట్టంతా మెడికల్ లీవు పెట్టింది. కారణం అన్న చోట అందరూ "ఊపిరాడకపోవుట" అని రాశారట.

"చూశారా," అన్నారు కోదండపాణి గారు. "బంతి అవసరమే లేకుండా గెలిచాం. శాఖ చరిత్రలో ఇది మైలురాయి."

ఫైనల్‌కు వచ్చాం. నేను సంచి సర్దుకోవడం కూడా మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడు జగ్గారావు గారు నన్ను టీకి పిలిచారు. ఆయన మంచివారే. చెడు కబురు చెప్పేటప్పుడు బిస్కెట్టు కూడా ఇప్పిస్తారు.

"ఓబులేసూ, నీ బదిలీ మీద ఆశలు పెట్టుకోకయ్యా."

"గెలిస్తే సంతకం పెడతానన్నారు కదండీ?"

"గెలిస్తే రాష్ట్ర పోటీలు. నీ ఫైలు మీద అప్పుడే రాసీసేరు, 'శాఖకు వదులుకోరాని గోల్‌కీపరు' అని. ఇంక నిన్నెవరొదుల్తారు?"

"ఓడితే?"

"ఓడితే ఆయన మొకం ముందుకెల్లి బదిలీ అడిగీ ధైర్యం నీకుందేటి?"

బిస్కెట్టు టీలో విరిగి పడిపోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. గెలిచినా ఇక్కడే, ఓడినా ఇక్కడే. మేఘన రెండో తరగతి, మూడో తరగతి, అన్నీ ఫోన్లోనే చదువుకుంటుందన్నమాట.

"ఈ శాఖలోంచి దూరంగా పోయే దారే లేదా సార్?"

"ఉంది, శిక్ష బదిలీ. కోరుకున్న బదిలీకి కాళీ ఉండాల, పై వాళ్ళు ఒప్పుకోవాల. శిక్షకు అవేటీ అక్కర్లేదు. సాయంత్రం సంతకం, పొద్దున్న బస్సు. అయితే నువ్వు బుద్ధిమంతుడివి, నీకెందుకా రాత?" అని జగ్గారావు గారు నా భుజం తట్టి, నా కప్పులోని బిస్కెట్టు ముక్కను చెంచాతో తీసి పెట్టారు.

ఫైనల్లో మా ప్రత్యర్థి శాఖ కాదు. పెదమెట్ట లారీల సంఘం. డ్రైవర్లు, క్లీనర్లు, ఒకరిద్దరు ఓనర్లు. సంఘం ప్రెసిడెంటు గున్నయ్యే కెప్టెను. మెడలో పులిగోరు, చొక్కా గుండీలు దాటి వచ్చే పొట్ట, దారిన పోయే కుక్కను కూడా పేరు పెట్టి పలకరించే నోరు. అతని లారీలు మా గేటు ముందు ఆగినన్ని గంటలు ఇంకెక్కడా ఆగి ఉండవు. వాళ్ళమీద కూడా వారమంతా ఒత్తిడి పెట్టాలని మా వాళ్ళు వెళ్ళారు. ఒక్కొక్క డ్రైవరు చుట్టూ ముగ్గురు నిలబడ్డారు. వాళ్ళు ఏమాత్రం కంగారుపడకుండా, అలవాటుగా బెంచీ చూపించి, టీలు తెప్పించి, "కూకోండి బాబూ, ఎంత సేపైనా కూకోండి" అన్నారు. మా ఇన్‌స్పెక్టర్లు కాళ్ళు పీకి తిరిగొచ్చారు.

ఆ సంగతి కోదండపాణి గారికి ఎవరూ చెప్పలేదు. ఒత్తిడి సంతృప్తికరంగా ఉందని నివేదిక ఇచ్చారు.

ఫైనల్‌కు ఊరంతా వచ్చింది. కోదండపాణి గారు షామియానా కింద మైకు పట్టుకుని కూర్చున్నారు. ఈల మోగింది. గున్నయ్య జట్టులో ఒక సన్నటి క్లీనరు బంతి తీసుకుని ఎడమ అంచున, ఈల వేసుకుంటూ, తీరిగ్గా బయలుదేరాడు. మా వాళ్ళు చెయ్యెత్తారు. ముగ్గురు చాలు కానీ, ఫైనల్ కదా అని ఆరుగురు పోయారు. వాడు ఆగాడు, చక్కగా నిలబడ్డాడు. ఆరుగురూ చుట్టూ మూసేశాక, వెనక్కి చూడకుండా మడమతో బంతిని నెట్టాడు. వెనకనున్న గున్నయ్య దాన్ని కుడి వైపుకు ఒక్క తన్ను తన్నాడు. కుడి వైపు మైదానంలో ఎవరూ లేరు. గడ్డి తప్ప ఏమీ లేదు. ఇంకో డ్రైవరు అక్కడికి నడిచి వచ్చి, నా పక్కనుంచి గోల్లో వేసి, నా వైపు తిరిగి, "ఏటనుకోకు బాబూ" అన్నాడు.

రెండోసారి ఇంకా చిత్రం. ఒకడు బంతి లేకుండానే రెండు చేతులూ ఊపుకుంటూ, "నాకే! నాకే!" అని అరుస్తూ మైదానానికి అడ్డంగా పరుగెత్తాడు.

"వాణ్ణి ఆపండి! వాణ్ణే ఆపండి!" అని షామియానాలోంచి మైకు గర్జించింది.

మా వాళ్ళు పదిమందీ వాణ్ణి చుట్టుముట్టారు. ఎంత సేపు వెతికినా వాడి దగ్గర బంతి లేదు. బంతి అప్పటికే అటువైపునుంచి నా దగ్గరకు వచ్చేసింది. లారీల వాళ్ళు నోటితో హారన్లు కొట్టుకుంటూ వచ్చారు. ఒక పొడుగు హారన్ అంటే ముందుకు, రెండు పొట్టివైతే వెనక్కి. మా వాళ్ళకు ఆ భాష ఇన్నేళ్ళుగా వింటున్నా అర్థం కాలేదు.

విరామంలో కోదండపాణి గారు మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టారు. ఆయన కుంగిపోలేదు. "పద్ధతిలో లోపం లేదు. ఎత్తు చాలలేదు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు అక్కడ వెనక ఒంటరిగా ఏం చేస్తున్నావు?"

"గోలు కాస్తున్నాను సార్."

"బంతి నీ దాకా రావడమే శాఖ వైఫల్యం. దానికోసం ఒక ఉద్యోగిని ప్రత్యేకంగా కేటాయించడమంటే, వైఫల్యాన్ని మనమే ముందుగా అంగీకరించినట్టు. నువ్వు కూడా పైకి వెళ్ళు. వాళ్ళ గోలు ముందు నిలబడు."

"మరి మన గోలు సార్?"

"అక్కడికి బంతి రాదు. రాదని ఉత్తర్వు ఇస్తున్నాను."

రెండో సగంలో నేను వాళ్ళ గోలు ముందు, వాళ్ళ గోల్‌కీపరు పక్కన నిలబడ్డాను. గున్నయ్య నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"ఏటి బాబూ, నువ్వూ ఇటొచ్చీసినావా? మరి అటేపు ఎవులున్నారు?"

"ఎవరూ లేరు. బంతి రాకూడదని ఉత్తర్వు."

"ఓరి నాయనా!" అని గున్నయ్య బంతిని తన గోలు ముందునుంచే గాల్లోకి లేపాడు. అది మా అందరి తలలమీదుగా పోయి, ఖాళీ మైదానంలో నాలుగు గంతులు వేసి, తీరిగ్గా మా గోల్లోకి దొర్లింది. అది దొర్లుతున్నంత సేపూ అతను నాకు విడమర్చి చెప్పాడు. "మీ గేటుకాడ నా ముప్పయ్యేళ్ళు పోయినాయి బాబూ. ఎలా దాటాలో మీరే నేర్పినారు. కాళీ బండినొకదాన్ని హారన్ కొట్టుకుంటూ ముందరంపుతాం. మీరందరూ దానిమీద పడతారు. ఏటుందని కిందా మీదా సూత్తారు. ఈలోగా సరుకు బండి పక్క రోడ్డంట ఎల్లిపోతాది. మీరెంతమంది ఒక్క బండి సుట్టూ మూగితే, మాకు అంత రోడ్డు కాళీ. నువ్వు తాడు పట్టుకుని సూస్తావు గానీ, ఎనక్కెప్పుడైనా తిరిగి సూసినావా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. మా గోలు ముందు ఒక మేక మేస్తోంది.

ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పలేను. స్కోరు బోర్డు మీద ఒక్కో జట్టుకు ఒక్క అంకెకే చోటుంది. తొమ్మిది తర్వాత దాని మీద గోనెపట్టా కప్పారు.

విచారణ మర్నాడే జరిగింది. పద్ధతి విదేశాల్లో రుజువైనది కనుక తప్పు పద్ధతిది కాదు. ఉత్తర్వు అధికారిది కనుక తప్పు ఉత్తర్వుది కాదు. అమలులో లోపం. లోపానికి ఒక మనిషి కావాలి. జగ్గారావు గారి శిక్ష బదిలీ మాట నా చెవిలో మోగుతూనే ఉంది. ఇంతకంటే మంచి సమయం రాదనుకుని, చెయ్యెత్తి లేచాను.

"తప్పు నాదే సార్. పూర్తిగా నాదే. నన్ను శిక్షించండి."

కోదండపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా మొత్తం సర్వీసులో తప్పు తనదని ఒప్పుకున్న ఉద్యోగిని చూడలేదు. ఓబులేసూ, నువ్వు ఈ శాఖకు ఆభరణం. నిన్ను వదులుకునే ప్రశ్నే లేదు. జెండా పండక్కి నీకు ప్రశంసాపత్రం."

నేను కూలబడ్డాను. నిజాయితీగా గోలు వైపు పోయాను, పదిమందీ చుట్టుముట్టారు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర గున్నయ్య కనిపిస్తే నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. రాళ్ళకుంట సంగతి, సుగుణ సంగతి, మేఘన అడిగిన ప్రశ్న సంగతి. అతను అంతా విని, గ్లాసు కింద పెట్టి, తల కొట్టుకున్నాడు.

"సరుకు బండిని తిన్నగా గేటులోకి తోలీసినావు. కాళీ బండి ఏదయ్యా?"

రాత్రంతా ఆలోచించలేదు. ఆలోచించాల్సిందేమీ లేదు. మర్నాడు పొద్దున్నే నేను హారన్ కొట్టుకుంటూ బయలుదేరాను. పెదమెట్ట గాలి నా ఒంటికి పడిందని, ఇక చచ్చినా ఇక్కడినుంచి కదలనని ఆఫీసులో అందరికీ చెప్పాను. జగ్గారావు గారు ఎప్పటినుంచో కన్నేసిన మూల క్వార్టరు నాకు కావాలని అడిగాను. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఎలా ఉంటుందో చూద్దామని, ఆయన లేనప్పుడు అందులో కూర్చున్నాను. వచ్చే ఏడు జట్టుకు కోచ్‌ని నేనేనని, హై ప్రెస్సింగ్ రద్దు చేస్తానని మధ్యాహ్నం క్యాంటీన్లో గట్టిగా ప్రకటించాను. సాయంత్రానికి ఆఫీసంతా నా మీద పడింది. నిన్న నేను ఆభరణాన్ని. ఇప్పుడు ఎలాగైనా వదిలించుకోవాల్సిన పీడను.

కోదండపాణి గారు పిలిపించారు. గోడ మీద రాష్ట్రం పటం. అటెండరు దారం పట్టుకుని నిలబడ్డాడు. జగ్గారావు గారు పెదమెట్ట మీద ఒక కొస అదిమి పట్టుకున్నారు, ఎప్పుడూ లేనంత ఉత్సాహంగా.

"ఇతన్ని ఇక్కడినుంచి వీలైనంత దూరం పంపాలి," అన్నారు కోదండపాణి గారు. "లాగండి."

దారం రాష్ట్రమంతా తిరిగింది. కిందికి, పడమటికి. చివరికి రెండు చోట్ల దాదాపు ఒకే కొలత వచ్చింది. ఒకటి రాళ్ళకుంట. రెండోది చిత్తూరు కొసన ఉన్న గేటు. నేను దారం కొసనే చూస్తున్నాను. అటెండరు దారాన్ని చిత్తూరు వైపు ఇంకొంచెం లాగాడు. "ఇదే దూరంలాగుంది సార్," అన్నాడు.

కోదండపాణి గారు కలం తెరిచారు.

ఇక్కడ నేను ఖాళీ బండిని తోలాను. మొహం నిండా ఆశ నింపుకుని, చేతులు జోడించాను.

"సార్, పంపక తప్పదంటే ఆ చిత్తూరు వైపే పంపండి సార్. అక్కడ చల్లగా ఉంటుందట. మామిడిపళ్ళు కూడా దొరుకుతాయట. ఆ ఒక్క కోరికా తీర్చండి సార్."

కలం గాల్లో ఆగింది. జగ్గారావు గారు నన్ను ఒకసారి పరీక్షగా చూశారు. నా దరఖాస్తు చదివిన మనిషి ఆ గదిలో ఆయనొక్కరే. ఆయన చూపు పటం మీద రాళ్ళకుంట దాకా పోయి ఆగింది. పెదవి చివర ఏదో కదిలింది. తర్వాత తల దించుకుని, అరిగిపోయిన పాత గొంతుతో అన్నారు.

"మామిడిపళ్ళు తినడానికి పంపుతామేటి సార్? శిక్షన్నాక శిక్షలాగుండాల. ఆ రాళ్ళకుంటైతే నీళ్ళు కూడా దొరకవు."

"అడిగింది ఇవ్వడం ఈ శాఖ సంప్రదాయం కాదు," అన్నారు కోదండపాణి గారు, "రాళ్ళకుంట!" అని సంతకం పెట్టారు.

ఏడుపు మొహం పెట్టుకుని బయటికి వచ్చాను. ఆ మొహాన్ని బస్టాండు దాకా మోయడం నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే కష్టమైన పని. బస్సు ఎక్కే అవసరం రాలేదు. గున్నయ్య జీడిపప్పు లోడుతో బెంగళూరు పోతూ, నన్ను పక్కన ఎక్కించుకున్నాడు. దారిలో మా శాఖ గేట్లన్నీ దాటాం. ప్రతి గేటు దగ్గరా మా వాళ్ళు చెయ్యెత్తారు, ప్రతి చోటా ఆగాం, కాగితాలు చూపించాం. అటువైపు కూర్చుని చూస్తే ఆ చెయ్యి ఎంత పెద్దగా కనిపిస్తుందో నాకు అంతకుముందు తెలియదు.

రాళ్ళకుంటలో ఇంటి ముందు లారీ ఆగేసరికి బడి వదిలి కాసేపయింది. నేను సంచి దించుకుని నాలుగడుగులు వేశానో లేదో, గడపలోంచి మేఘన వచ్చి, దారికి అడ్డంగా నిలబడి, కుడి చెయ్యి ఎత్తింది. ఎవరు నేర్పారో, నేనే ఫోన్లో ఎప్పుడో నేర్పి ఉంటాను.

"ఆగు. ఏముందాంట్లో?"

"జీడిపప్పు."

"ఎక్కడికి పోతాండావు?"

"ఎక్కడికీ పోను," అన్నాను.

మేఘన సంచి తెరిచి చూసి, జీడిపప్పు పొట్లం తీసుకుని, అక్కడే విప్పి నోట్లో వేసుకుంది. జప్తు చేసిన సరుకును పై అధికారి వచ్చేదాకా ముట్టుకోకూడదని దానికి ఎవరూ చెప్పలేదు. పక్కనుంచి సుగుణ, చేతికి సుద్దముక్క పొడితో అలాగే వచ్చి నా సంచి పట్టుకుని, "ఈసారెన్ని దినాలు?" అని అడిగింది. వెనక గున్నయ్య లారీ రోడ్డు మొత్తం మూసేసి, పొడుగ్గా ఒక హారన్ కొట్టింది.

ముందు మేఘన, పక్కన సుగుణ, వెనక లారీ. మూడు వైపులా మూసేశారు. నేను దారి వెతకలేదు.